చుట్టాలు పోగానే చీపురు పట్టను

చెంగిచెర్లలో ఉన్న లచ్చక్కకు, బావకు భీమిలి నుంచి తమ్ముడు నర్సింహ దండాలు.

ముందే చెబుతున్నా అక్కా, నా అక్షరాలు వంకర. చదివింది మన ఊరి బడిలో, అదీ వానలు లేని రోజుల్లో. తప్పులుంటే బావా నువ్వూ నవ్వుకోండి. నేను బాగున్నాను. బావ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మా ఇంటామె సత్తెమ్మ నీ దగ్గరే ఉంది కాబట్టి నాకు ఫికర్ లేదు.

నాచారం కంపెనీలో పని అయిపోయాక ఉప్పల్ గదిలో ఊరికే కూర్చోలేక ఇక్కడికి వచ్చాను కదా. ఇది తెల్లదొరల కాలంనాటి బంగళా. తలుపు తీయాలంటే భుజం పెట్టాలి. ఎదురుగా సముద్రం. ఆ మోతకు మొదట్లో ఉప్పల్ బస్ డిపోలో పడుకున్నట్టుండేది. వచ్చినవాళ్లకు గదులు కిరాయికిచ్చి, పొద్దున టిఫిన్ పెడతారు. ఊడ్చేది, మంచాలు సర్దేది నేను. చెమట ఆరదు. జొన్నరొట్టె దొరకదు, ఎవరైనా ఇటు వస్తే కొంచెం పిండి పంపు.

రాగానే ఓనరమ్మ ఒక మాట అన్నారు. "నెల చూద్దాం బాబాయ్. పని కుదిరితే వెనక గది మీదే. పిన్నిని కూడా తెచ్చుకోండి." ఆ గది కోసమే నా ఆరాటం.

మొదట్లోనే మాట పడ్డాను. చుట్టాలు గడప దాటగానే మనం ఇల్లు ఊడ్వం కదా, శవం లేచిన ఇంట్లోనే కదా అలా ఊడ్చేది. ఒక జంట పొద్దున వెళ్లిపోతే నాకు చేయి రాలేదు. చీపురు మూలకు పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం కొత్తవాళ్లు దిగారు. గది నిండా ఇసుక, పల్లీల పొట్టు.

"ఏంటిది బాబాయ్? పొద్దుట్నుంచి ఏం చేస్తున్నారు?" అన్నారు ఓనరమ్మ.

"వాళ్లింకా ఇల్లు జేరలే గదమ్మా."

"ఎవరు?"

"పొద్దుగాల పోయినోళ్లు. ఢిల్లీ అన్నరు. పోంగనే ఊడిస్తే మంచిగుండదమ్మా."

వంట చేసే అప్పలకొండ పకపకా నవ్వింది. "ఢిల్లీ రైలు దిగీదాకా తాత సీపురట్టడంట! ఇంకేటి, గదికి తాళమే."

ఓనరమ్మ నవ్వలేదు. కొత్తవాళ్ల ముందే తాను చీపురు అందుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను అక్కా. గది పోయినట్టే అనుకున్నాను.

తెల్లారి టిఫిన్ దగ్గర దారి కనబడింది. దోసెల ముందు కూర్చుంటే వీళ్లు తొందరగా లేవరు. అంటే ఇంకా ఇంట్లో ఉన్నట్టే కదా! అప్పుడే పైకెక్కి ఊడ్చేస్తున్నాను. వాళ్లు వెళ్లాక దుప్పట్లు మార్చడమే మిగులుతుంది. దుప్పట్లకు కూడా ఏదైనా పట్టింపు ఉంటే నాకు రాయకు. అప్పలకొండ ఇప్పుడు నా పక్షం. "ఇంకోటి తినండి బాబూ, మా తాత ఇంకా పైనే ఉన్నాడు" అని వాళ్లను లేవనివ్వదు.

నిన్న ఓనరమ్మ వెనక గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. "మంచిదమ్మా" అన్నాను.

సత్తెమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నీ ఇష్టం" అంది. పెళ్లయిన నాటి నుంచీ అదే మాట. అందులో అవునుందో కాదుందో నాకు ఫోన్‌లో తెలియదు. అందుకే నీకు రాస్తున్నాను. ఇది చదివి వినిపించేటప్పుడు దాని మొహం చూడు. నవ్వితే టికెట్ చేయిస్తాను. నవ్వకపోతే నేనే వచ్చేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను.

బావకు మళ్లీ దండాలు. పిల్లలు చల్లగా ఉండాలి. మీ ఇద్దరి దీవెన నాకు కావాలి. గది ఇంకా తెరవలేదు అక్కా, జల్దీ జవాబు రాయి.

నీ తమ్ముడు
నర్సింహ