మద్దిచెట్టు మీది అడ్డతీగ

బుధవారం, ఆత్మకూరు

ఈరోజు నల్లమలలో మా పరిశోధన కోసం ఏటా మేం కొలిచే చెట్లకు చుట్టుకున్న తీగలు కొట్టించాను. తీగల బరువు తగ్గితే చెట్టు బాగా లావెక్కుతుంది, గాలిలోని కార్బన్‌ను ఎక్కువ దాచుకుంటుంది. అందుకే కొట్టించాను. పాత మద్దిచెట్టు దగ్గర మాత్రం, విస్తరాకులు కోసుకునే ఈరమ్మ అడ్డం నిలబడింది.

"ఈ అడ్డతీగ ఆకులతోనే మా ఇల్లు నడుస్తాండాది సారూ."

"తీగ బరువుకు చెట్టు విరిగిపోయేట్టుంది కదమ్మా" అన్నాను.

చాలాసేపు పైకి చూసి, పక్కకు జరిగింది. తీగ మొదలు తెగాక, "పైన ఆకులన్నా దించి ఇయ్యండి, వాడిపోతాయి" అంది.

అంత ఎత్తు మాలో ఎవరమూ ఎక్కలేకపోయాం. ఆమె ఖాళీ బుట్టతో వెళ్లిపోయింది.

మద్దిచెట్టు ఇక పెరుగుతుంది. పెరగాలి...