లెక్కలోకి రానివాళ్లు

ప్రియమైన చిట్టికి,
నాన్న దీవెనలు. ఒళ్లు మండిపోవడం తప్ప నాకే జబ్బూ లేదు. మీ రైలాఫీసు అచ్చేసిన కొత్త రూట్ల పటం మన స్టేషన్ గోడకి అంటించారు. కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు సుత్తి భుజాన వేసుకుని నేను నడిచిన లైను అందులో లేదు! ఒకప్పుడు దీని మీద రోజుకి నాలుగు బళ్లు తిరిగేవి. పెద్ద బండిని కొత్త లైనుకి మళ్లించారు. తర్వాత సాయంత్రం బండి ఎత్తేశారు, ఆపైన మధ్యాహ్నంది. మిగిలిన పొద్దుటి బండి కూడా రెండు నెలల్లో పోతుందట. చివరి స్టేషన్లో చూపు లేని మా అక్క, మీ మేనత్త ఉందని వాళ్లకేం పట్టింది? వారం వారం నేను వెళ్లి మందులు పూటకో పొట్లం కట్టి రాకపోతే ఆవిడ ఏది మింగుతుందో ఏమో! రోడ్డున పోతే మూడు బస్సులు మారాలి. నా మోకాళ్లు ఒక్క బస్సు మెట్లకే మొరాయిస్తాయి. ఆ పటం గీసిన మొనగాడెవడో కనుక్కో.
ఇట్లు, ఒళ్లు మండిన మీ నాన్న

ప్రియమైన నాన్నకు,
ఆ మొనగాడు నేనే. చెప్పడానికి నోరు రాలేదు. పైనుంచి వచ్చిన కాగితంలో మన స్టేషన్ పక్కన ‘ఎక్కేవారు: రోజుకు ముగ్గురు’ అని ఉంది. ముగ్గురి కోసం బండి నడపరు నాన్నా. అత్తని నా దగ్గరికి తెచ్చేసుకుందామా?
నీ చిట్టి

చిట్టీ,
‘ప్రియమైన’ అని రాయబుద్ధి కావడం లేదు. మీ అత్త చేత్తో తడిమి ఎరిగిన ఇల్లు అదొక్కటే. కదలదు. ముగ్గురని రాసినవాడికి నా కళ్లజోడు పంపిస్తాను. నిన్న పెట్టె పెట్టెకీ తిరిగి లెక్కపెట్టాను. మన స్టేషన్లోనే నలభై ఒక్కమంది ఎక్కారు. గేటుమన్ పెళ్లాం, సిగ్నల్ మేస్త్రి కూతుళ్లు, రిటైరైన డ్రైవరు, అందరూ మనవాళ్లే. నాకు సీటు కూడా దొరకలేదు!
నాన్న

నాన్నా,
అందరూ మనవాళ్లేనని నువ్వే రాశావు. వాళ్లలో టికెట్టు కొన్నవాళ్లెందరు? పై ఆఫీసు టికెట్లే లెక్కపెడుతుంది. రైలు ఉద్యోగుల పాసులు లెక్కలోకి రావు. అర్జీ పెట్టాను. వచ్చే సోమవారం నుంచి వారం రోజులు మళ్లీ లెక్క చూస్తారు.
నీ చిట్టి

ప్రియమైన చిట్టికి,
పట్టాలు బిగించినవాడు ఆ పట్టాల మీద పోవడానికి టికెట్టు కొనాలా? రెండు రోజులు తిట్టాను. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియలేదు. ఇన్నేళ్లూ పాసుందని కాలరెగరేసుకుని ఎక్కాం. బండి ఖాళీ అని మనమే రాసిచ్చినట్టయింది.
సోమవారం పొద్దున్నే కౌంటరు ముందు నిలబడ్డాను.
“మీకు పాసుందిగా తాతగారూ?” అన్నాడు గుమాస్తా.
“ఉంది. టికెట్టు కొయ్యి.”
వెనక డ్రైవరు, “ముసలాడికి మతి పోయింది,” అన్నాడు.
“నువ్వూ తీసుకో. లేకపోతే వచ్చే నెల్నుంచి మీ ఆవిణ్ణి వీపున మోసుకుపోదువుగాని!”
గొణుక్కుంటూ తీసుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ వరస కట్టారు. వారం తిరిగేసరికి రెండొందల పన్నెండు టికెట్లు.
నిన్న ఆర్డరు వచ్చింది. బండి ఉంటుంది. మీ అత్తకి జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. “అంటే ఇన్నేళ్లూ నా దగ్గరికి ఊరికే వచ్చావురా?” అంది.
మందులు పొట్లం కట్టాను.
నీ నాన్న