పేరెత్తకూడనిది

శనివారం, రాత్రి

అన్నం తిన్నాక ముగ్గురం సెల్లులో దయ్యం సినిమా చూశాం. పెద్ద చప్పుడు వచ్చినప్పుడల్లా మా ఆయన ఉలిక్కిపడి నవ్వాడు. ఖాళీ ఉయ్యాల ఊగినప్పుడు అత్తమ్మ కళ్లు మూసుకుంది. నాకు దయ్యాన్ని చూస్తే భయం వేయలేదు. సినిమాలో ఆ ఇల్లాలు ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదే, దానికి భయం వేసింది.

సాయంత్రం వాగు ఇసుకలో పులి అడుగులు చూశాను. సినిమా అయ్యాక ధైర్యం చేసి ఆయనకు చెప్పాను.

"గవి కుక్కవై ఉంటయ్. నీకు సినిమా ఎక్కింది, పండుకో పో."

"అత్తమ్మా, వాగుకాడ పులి..." అన్నానో లేదో ఆమె నా నోరు మూసింది.

"పొద్దుగూకినంక దాని పేరెత్తుతరా పిల్లా? పిలిచినట్టైతది."

పొద్దు పొడిచాక చెప్పవచ్చు. కానీ బీడీల తునికాకు కోయడానికి అత్తమ్మ పొద్దు పొడవకముందే ఆ వాగు దాటి అడవిలోకి పోతుంది.