మా వ్యాన్ పక్కన ఇంటూ మార్కు

చిరంజీవి బుజ్జికి పిన్ని దీవించి రాయునది. మేమిక్కడ క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా అలవాటు కొద్దీ రాశాననుకో.

మా సందు మొదట్లో మీ మున్సిపల్ ఆఫీసు వాళ్ళు నోటీసు అంటించారు. పేవ్‌మెంట్ మీద బండి నిలిపితే, పక్కనుంచి చక్రాల కుర్చీ పోయేంత చోటు వదలాలట. లేదంటే బండిని ఎత్తుకుపోతారట. పోనీ రోడ్డు మీద నిలుపుదామంటే మా సందు సంగతి నీకు తెలియనిదా? ఎదురింటి టీచరమ్మ తుమ్మితే మేము మొహం కడుక్కోవాలి. అందరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం. ఇవాళ పొద్దున లేచి చూద్దును కదా, మన వ్యాన్ ముందు చక్రం పక్కన సుద్దతో ఇంటూ మార్కు! సందంతా వెతికాను. మనకొక్కరికే.

మీ బాబాయి ఫ్రిజ్‌లు బాగుచేసే సామానంతా ఆ వ్యాన్‌లోనే ఉంది. కాలి ఆపరేషన్ అయ్యాక ఇంకా పనికి పోవడం లేదు. ఇదిగో పోతా, అదిగో పోతా అని రోజూ రెంచీలు తుడుచుకుంటున్నారు. బండి ఎత్తుకుపోతే ఆ మనిషి ఏమైపోతారో! ఆయనకి చెప్పలేదు. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న కొంపలో ఫోన్లో గుసగుసలాడినా వినబడుతుంది, అందుకే ఈ ఉత్తరం. జవాబు పక్కింటి టైలర్ చిరునామాకి రాయి.

భయంతో,
పిన్ని

తా.క. ఇరుగుపొరుగు వాళ్ళొచ్చి పరామర్శ మొదలుపెట్టారు. టైలర్ వ్యాన్ బానెట్ మీద చెయ్యి వేసి, "మంచి బండమ్మా, ఎవరికీ అపకారం చెయ్యలేదు" అన్నాడు.

*

పిన్నికి బుజ్జి నమస్కరించి రాయునది.

నువ్వు అనవసరంగా కంగారు పడకు. నేనుండేది జనన ధ్రువపత్రాల సెక్షన్. బళ్ళు పుట్టవు కాబట్టి ఆ నోటీసు మా దాకా రాలేదు. పై అంతస్తులో పార్కింగ్ సెక్షన్ గుమస్తాని అడిగాను. కొలతలు తీసేవాళ్ళు అక్కడక్కడా గుర్తులు పెడతారట. ముందు తనిఖీ, తర్వాతే మిగతావి అన్నాడు. ఆ 'మిగతావి' ఏమిటో చెప్పలేదు. నువ్వు మాత్రం ఆ గుర్తుని ముట్టుకోకు.

బాబాయి ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
బుజ్జి

తా.క. గుర్తు ఏ రంగు అని గుమస్తా అడిగాడు. తెలుపు అన్నాను. "అయ్యో" అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

*

ఒరేయ్ బుజ్జీ, దీవెనలు తర్వాత. ఆ 'అయ్యో' ఏమిట్రా?

ముట్టుకోవద్దని నువ్వు రాసేసరికే నేను తడిగుడ్డతో తుడిచేశాను. మర్నాడు పొద్దున మళ్ళీ ఉంది! తుడిచాను. మళ్ళీ ఉంది, ఇంకా పెద్దది! వాళ్ళకి కోపం వచ్చిందన్నమాట. ఎప్పుడొస్తున్నారో, ఎలా వస్తున్నారో కంటికి కనబడటం లేదు.

టైలర్ ఒక ఉపాయం చెప్పాడు. సందంతా ఇంటూలు పెట్టేస్తే అసలుది ఏదో వాళ్ళకి తెలియదని. ఎవరి గుమ్మం ముందు పెట్టుకోవడానికి వాళ్ళకి భయం, అందుకని పక్కవాళ్ళ గుమ్మం ముందు పెట్టారు. పక్కవాళ్ళు చూసి తుడిచి వీళ్ళ గుమ్మం ముందు పెట్టారు. ఇప్పుడు ఒకరితో ఒకరికి మాటల్లేవు. స్కూటర్లన్నీ ఇళ్ళలోకి ఎక్కించేశారు. పేవ్‌మెంట్ మీద మన వ్యాన్ ఒక్కటే దిక్కులేనిదై నిలబడింది.

మీ బాబాయి కిటికీ దగ్గర కూర్చుని పేవ్‌మెంట్ వంకే చూస్తున్నారు. అన్నం సరిగా తినడం లేదు. కనిపెట్టేశారేమో అని నా అనుమానం.

నిద్ర లేని
పిన్ని

తా.క. టీచరమ్మ స్కూటర్ వంటింట్లో ఉంది. పొయ్యి వెలిగించాలంటే సీటెక్కి కూర్చోవాలి. నిన్న పాలు పొంగుతుంటే హారన్ కొట్టింది.

*

పిన్నికి నమస్కారాలు.

కొంప మునిగింది పిన్నీ, ముంచింది నేనే. గుమస్తా మళ్ళీ దొరికాడు. మొన్నటి 'అయ్యో' మీ సుద్ద గురించి కాదట, క్యాంటీన్ మూసేస్తారని గుర్తొచ్చిందట. అసలు కొలతలకి మీ సందుకి ఇంతవరకూ ఎవరినీ పంపనేలేదు! వాళ్ళు వాడేది పసుపు రంగు పెయింటు.

అంటే ఎవడో మా ఆఫీసు పేరు చెప్పుకుని మీ సందులో గుర్తులు పెడుతున్నాడని, నా మాటలు విన్న వాళ్ళ ఆఫీసరు మండిపడుతున్నాడు. వాణ్ణి పట్టుకోవడానికి స్వయంగా వస్తున్నాడు. బళ్ళెత్తే లారీని కూడా వెంటపెట్టుకుని వస్తాడు. వ్యాన్‌ని ఎక్కడికైనా తోయించెయ్యండి.

నీ అక్క కొడుకు,
బుజ్జి

తా.క. ఆ దొంగ ఎవడో గానీ వాడి పని అయిపోయినట్టే. నాకు వాడి మీద ఏమాత్రం జాలి లేదు.

*

చిరంజీవి బుజ్జికి బాబాయి దీవెనలు.

నీ ఉత్తరాన్ని టైలర్ కంగారులో నా చేతికే ఇచ్చాడు. చదివాను. ఆ దొంగని నేనే.

ఆపరేషన్ అయ్యాక కుడిపాదానికి స్పర్శ సరిగా లేదురా. బ్రేకు మీద కాలు ఉందో లేదో తెలియడం లేదు. ఇంజన్ వెయ్యకుండా, వ్యాన్‌ని ముందుకీ వెనక్కీ దొర్లించి, గుర్తు దగ్గర బ్రేకు పడుతోందో లేదో చూసుకుందామనుకున్నాను. చక్రాల కుర్చీకి చోటు వదిలి చక్రం ఎక్కడ ఆగాలో కొలిచి, మీ పిన్ని లేవకముందే సుద్దతో ఇంటూ పెట్టాను. ఆవిడ పాలకి వెళ్ళినప్పుడు ప్రయత్నిద్దామని. తీరా చూస్తే గుర్తు ఉండేది కాదు. కొలత తప్పని ఆఫీసు వాళ్ళే చెరిపేస్తున్నారనుకున్నాను. భయపడి ఇంకాస్త పెద్దది పెట్టాను.

ఆఫీసరు నిన్న వచ్చాడు. లారీ సందులో పట్టక మొదట్లోనే ఆగిపోయింది. "ఈ గుర్తులు ఎవరు పెట్టారు?" అని గద్దించాడు. నేను చెయ్యెత్తబోవడం చూసి మీ పిన్ని, "నేనే" అంది. నన్ను తీసుకుపోతారని ఆవిడ భయం. "కాదు, నేను" అన్నాను. టైలర్ కూడా తను పెట్టానన్నాడు, టీచరమ్మ కూడా. అందరూ పెట్టినవాళ్ళే కదా! ఎవరిని పట్టుకోవాలో ఆఫీసరుకి తెలియలేదు. చివరికి టేపు తీసి వ్యాన్ పక్కన కొలిచాడు. చోటు సరిపోయింది. నా గుర్తు మీదే పసుపు పెయింటు వేయించి వెళ్ళిపోయాడు.

బండి దక్కింది. నా భయం మాత్రం పోలేదు. ఆదివారం రా. ఊరి బయట మైదానంలో నా పక్కన కూర్చో. బ్రేకు పడుతోందో లేదో నిజం చెప్పు. పడటం లేదంటే తాళాలు నీ చేతికిచ్చేస్తాను. పాదం సంగతి మీ పిన్నికి తెలియకూడదు. తట్టుకోలేదు.

ఇట్లు,
బాబాయి

తా.క. బుజ్జీ, ఇది నేను, పిన్నిని. పోస్టు చెయ్యమని ఉత్తరం నా చేతికే ఇచ్చారు, ఈయన తెలివి ఇంతే. పాదం సంగతి డాక్టరు ముందు నాకే చెప్పాడు. ఆ బండిని ఎత్తుకుపోతే పీడా పోతుందని ఒక పూట, పోతే ఈయన బతకరని ఇంకో పూట ఏడ్చాను. ఆదివారం తప్పకుండా రా. నువ్వు వెనక ఫ్రిజ్‌ల సామాను పక్కన కూర్చో. ఆయన పక్క సీటు నాది.