తలుపులో పుట్టీ

అల్లుడుగారికి,

అక్షరాలు వంకరైనా నేనే రాస్తున్నాను. ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు.

కారు తలుపుకి కొత్తగా పడ్డ సొట్ట తీద్దామని మా అమ్మాయి వేడి జిగురు అంటించి లాగితే రంగు పెచ్చులూడిందనీ, జిగురు ఎక్కువ కాచిందనీ అమ్మాయిని ఇంట్లోంచి పంపేశారు. నాలుగు రోజులుగా "నా చెయ్యే మంచిది కాదు నాన్నా" అంటోంది.

మీకు అమ్మిననాడు ఆ కారుకి గీత కూడా పడలేదన్నాను. అబద్ధం. ఆ తలుపుని స్తంభానికి గుద్దింది నేనే. సొట్ట కనపడకుండా వేలెడు మందాన పుట్టీ పూసి పైన రంగు కొట్టాను. పుట్టీ మీద ఎవరు లాగినా ఊడుతుంది. నలభై ఏళ్ళు సొట్టలు తీసినవాణ్ణి, ముందు నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి కాదేమో.

తలుపు నేను బాగుచేస్తాను. మీరు వచ్చి అమ్మాయిని తీసుకెళ్ళండి. తప్పయిందని దానితో అనండి. నాతో అనక్కర్లేదు, నేనూ మీతో అనను.

మీ మామ