పనికిరాని రక్తం

12 సెప్టెంబర్ 2002

ఇది రాయడం దండగ అనుకున్నాను. కోపంలో రాస్తే నా అక్షరాలు వంకర పోతాయి. పోనీ.

అహ్మద్ కూతురు సబీనాకి నిన్న కాన్పు కష్టమైంది. బిడ్డ క్షేమం. తల్లికి రక్తం ఆగలేదు. ఓ నెగెటివ్. ఆసుపత్రిలో ఉన్న రెండు సంచులూ ఎక్కించేశారు, ఇంకోటి కావాలన్నారు. పాతూరులో రేకు పెట్టెలు చేసే అహ్మద్ సరాసరి మా ఇంటికొచ్చాడు. సబీనా పుట్టినప్పుడు వాళ్ళమ్మ కరీమున్నీసాకి రక్తం ఇచ్చింది నేనే. ఆ ఇంటికి బ్లడ్ బ్యాంకంటే నేను.

ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు కౌంటర్లో పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగారు. తొమ్మిదేళ్ళ కిందట అంగిట్లో క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ చేశారు, నయమైంది అన్నాను. నయమైంది అన్న మాట ఎవరి చెవినా పడలేదు. క్యాన్సర్ వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోరట. రూలట. నేను ముట్టుకున్న పెన్ను కౌంటర్ మనిషి రుమాలుతో తుడిచాడు.

అదే రోజు, మధ్యాహ్నం

తుడిచాడు!

అంగిట్లో ఎలా వచ్చిందో కూడా రాస్తాను, ఎలాగూ పని లేదు. తెప్ప మీద గాలికి చుట్ట ఆరిపోతుంది. అందుకని మా జాలరివాళ్ళు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ. ఒడ్డున గాలి లేకపోయినా అంతే. జన్మలో తెప్ప ఎక్కని మా ఆడవాళ్ళూ అంతే. నేను పోర్టులో వించ్ డ్రైవరునయ్యాక కూడా మానలేదు. బడి మొహం చూడనివాణ్ణి. ఇంగ్లీషు ఓడ సరుకు పెట్టెల మీద నేర్చుకున్నాను, తెలుగు యూనియన్ పోస్టర్ల మీద. చుట్ట మీద మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.

కోసిన చోట ఇప్పుడు ప్లేటు ఉంది. అది తీస్తే మాట ముక్కులోంచి వస్తుంది. టీ కూడా.

సాయంత్రం

అహ్మద్ ఇంకో బ్లడ్ బ్యాంకు కనుక్కున్నాడు. "ఈపాలి నోరు మూసుకో గురువులు బావా. నిజాలు రేపు సెప్పుకుందువు గాని," అన్నాడు. మూసుకున్నాను. జబ్బులా? జలుబు కూడా ఎరగను అన్నాను.

కుర్ర డాక్టరు. శ్రీకాకుళం యాస. కనురెప్ప కిందికి లాగి చూశాడు. నాలుక చాపమన్నాడు. చాపాను. ప్లేటు జారి నాలుక మీదికొచ్చి కూర్చుంది.

"అడ్డపొగేటి, తాతా?" అన్నాడు. నాకు యాభై ఏడు. తాతట.

తిట్టలేదు. కూర్చోబెట్టాడు. క్యాన్సర్ రక్తంలో పోయి ఇంకొకరికి అంటుకుంటుందని చెప్పలేనన్నాడు. అంటుకోదని ఒట్టూ వెయ్యలేనన్నాడు. తెలీని చోట మంచం మీదున్న మనిషిని పణంగా పెట్టలేనన్నాడు. అతను ఒక్క తప్పు మాటైనా అనుంటే హాయిగా కోప్పడేవాణ్ణి.

నోరు మూసుకోమంటే నాలుక బయటపెట్టావని అహ్మద్ దారంతా తిట్టాడు. ఆటో దిగాక ఏడ్చాడు.

13 సెప్టెంబర్

తోడబుట్టినవాళ్ళలో అదే గ్రూపు ఉండొచ్చని చెప్పింది ఆ డాక్టరే. నాకున్నది చెల్లెలు పోతమ్మ ఒక్కతే. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి పోయాను. గంప ముందు కూర్చుని ఉంది, నోట్లో నిప్పు. సూదంటే దానికి చచ్చే భయం.

"నీ నెత్తురు మురిగిపోనాదని నా నెత్తురు అడుగుతన్నావేటి అన్నా?" అంది, అందరి ముందూ.

నేనూ అరిచాను. చేపలు బేరమాడేవాళ్ళు ఆగి చూశారు. చివరికి, పుట్టింది ఆడా మగా అని అడిగింది. ఆడ అన్నాను. గంప పక్కావిడకి అప్పగించి లేచింది.

నిన్నటి బ్లడ్ బ్యాంకుకే తీసుకెళ్ళాం. గ్రూపు కలిసింది. ఈ పూట చూసింది నర్సు. కనురెప్ప చూసింది, బరువు చూసింది. నోరు తెరవమనలేదు. అయ్యాక కూల్ డ్రింకు ఇచ్చారు. పోతమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. మండుతందంది. ఎన్నాళ్ళ నుంచే అన్నాను. వానలకి ముందు నుంచీనంట. నోరు తెరవమన్నాను.

అంగిట్లో తెల్ల మచ్చ. మధ్యలో ఎర్రగా. నాదీ అలాగే మొదలైంది.

రక్తం సంచి బల్ల మీద ఉంది. నేను చూడనట్టు ఊరుకుంటే చాలు, సబీనాకి పోతుంది. డాక్టరుని పిలిచాను. అహ్మద్ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. బొత్తాం తెగింది.

డాక్టరు టార్చి వేసి చూశాడు. సంచి వంక చూశాడు. సబీనా ఎలా ఉందని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. రక్తం ఇంకా ఆగలేదన్నారట. ముక్క తీసి పరీక్ష చేస్తేగాని పోతమ్మది క్యాన్సరో కాదో తెలీదన్నాడు. మిగతా టెస్టులన్నీ త్వరగా ముగించి సంచి పంపించాడు.

నిన్న తెలీదని నన్ను ఆపాడు. ఇవాళ తెలీదనే పంపాడు. రెండూ న్యాయమే కావచ్చు. నాకు మాత్రం ఆ బల్ల తిరగెయ్యాలనిపించింది. జబ్బుని గెలిచి, నిజం చెప్పినవాడి మొహాన తలుపేస్తారు. దాన్ని నోట్లో పెట్టుకుని తెలియక వచ్చినదానికి కూల్ డ్రింకు ఇస్తారు.

14 సెప్టెంబర్

సబీనా కళ్ళు తెరిచింది. బిడ్డను అడిగిందట.

18 సెప్టెంబర్

పోతమ్మని క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అంగిట్లోంచి ముక్క తీశారు. తిరుగు బస్సులో కొంగు ముడి విప్పి చుట్టలు నా చేతిలో పెట్టింది. కిటికీ పక్క సీటు అడిగింది. ఇచ్చాను.