గేమ్ డబ్బాకు కళాయి

హాస్టల్, ఆదివారం

తెలుగు టీచరుగా రిటైరైనా ఎర్ర పెన్ను వదలని నానమ్మకు,

కీర్తిప్రియ నమస్కారాలు. ఇక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరు. ఆదివారం ఆఫీసు ఫోన్‌లో మాట్లాడిస్తారు గానీ అటు పక్కన బాపు ఉంటాడు. ఇది బాపు వినకూడని సంగతి.

ఇంట్లో నా మంచం కింద స్టీలు టిఫిన్ డబ్బాలో, పాత తువ్వాలులో చుట్టిన ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. అది పెద్దనాన్న కొడుకు ముకుంద్ అన్న గేమ్ కన్సోల్ లోపలిది. ఆ పాత కన్సోల్ బొమ్మ మన కొత్త టీవీలో రాదు. ఇంకో చిన్న బోర్డు అతికిస్తే వస్తుందని వీడియోలో చూసి విప్పాను. మూడు తీగలు బాగా అతికాయి. నాలుగోదాని దగ్గర టంకం ఎక్కువై చిప్‌కుండే పక్కపక్క కాళ్ళు రెండూ కలిసిపోయాయి. దాన్ని తీయబోయి వేడి కడ్డీ ఎక్కువసేపు ఆనించాను. కిందనున్న రాగి బొట్టు బోర్డు నుంచి లేచి వచ్చేసింది. మరునాడే బాపు నన్ను హాస్టల్‌లో దింపాడు.

దసరాకు ముకుంద్ అన్న వచ్చి తన కన్సోల్ అడుగుతాడు. మిక్సీ విప్పినప్పుడు బాపు అన్న మాట నీకు గుర్తుందిగా: "ఇంకొక్క వస్తువు ఖరాబు జేసినవనుకో, ఎలక్ట్రానిక్స్ గిలక్ట్రానిక్స్ బంద్. కామర్స్ చదివి దుకాణంల గల్లా మీద కూసో." నానమ్మా, నాకు గల్లా వద్దు. టంకం పని తెలిసిన నమ్మకమైన మనిషి ఎవరికైనా చూపించు. ప్రేమ్‌రాజ్ అంకుల్ రిపేరు షాపు మాత్రం వద్దు, ఆయన బాపుకు దోస్తు.

నీ మనవరాలు,
కీర్తి

తా.క.: ఇక్కడ వచ్చే ఉత్తరమైనా పోయే ఉత్తరమైనా వార్డెన్ జగదీశ్వర్ సార్ చదివి ముద్ర వేయాలి. అందుకే ఆలస్యం. చదువు గురించి కూడా ఒక మాట ఉండాలట. చదువుతున్నాను.

సైదాబాద్, గురువారం

చిరంజీవి కీర్తిప్రియను ముందు చెవి మెలిపెట్టి, తర్వాత ఆశీర్వదించి నానమ్మ రాయునది.

ఉత్తరంలో ఒత్తులు రెండే తప్పాయి. హాస్టల్ నీకు పడినట్టుంది.

మీ బాపు దుకాణానికి పోగానే గడియ పెట్టి డబ్బా తెరిచాను. భూతద్దం పెట్టి చూస్తే అదొక ఊరు. వీధులు, సందులు, మిద్దెలు, మిద్దెల మీద ట్యాంకులు. మన సైదాబాద్ కంటే శుభ్రంగా ఉంది. ఇందులో నువ్వు చెయ్యి పెట్టావంటే నాకు భయం వేయాలి గానీ, నిజం చెప్పాలంటే గర్వమే వేసింది. నీ వయసులో నేను సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పుష్పమ్మను పిలిచేదాన్ని.

అయితే ఆకుపచ్చ అని రాశావు, ఇది కాఫీ రంగులో ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుంటున్నావా? మూడు తీగలన్నావు, ఒక్కటీ కనపడలేదు. టంకం ముద్దలు మాత్రం, లడ్డూలు చుట్టడం ఆ పూటే నేర్చుకున్నవాళ్ళు చుట్టినట్టున్నాయి.

నువ్వేం ఫికర్ పడకు. నమ్మకమైన మనిషి దొరికాడు. కిషన్‌బాగ్ గుండయ్య. మన ఇత్తడి దుకాణంలో గిన్నెలకు మీ తాతగారి కాలం నుంచి కళాయి పెడుతున్నాడు, బిందెల అడుగుకు టంకం వేస్తున్నాడు. ఆయన అతికించిన బిందె కారిందని ఇంతవరకు ఎవరూ గడప తొక్కలేదు. శనివారం వస్తానన్నాడు.

నిన్ను గల్లా మీద కూర్చోనివ్వని,
నానమ్మ విమలాదేవి

తా.క.: ఈ ఉత్తరం చదువుతున్న వార్డెన్ గారికి నమస్కారం. దయచేసి మా వాడు రంగనాథ్‌కు చెప్పకండి. వాడికి ముక్కు ఒక్కటే నా పోలిక, బుర్ర వాళ్ళ నాన్నది.

హాస్టల్, శుక్రవారం

నానమ్మా,

నమస్కారాలు తర్వాత. ఇది శనివారం లోపు నీకు అందాలని వార్డెన్ సార్ బల్ల ముందు నిలబడి రాస్తున్నాను.

గుండయ్య తాతను ఆపు. బోర్డు కాఫీ రంగులో ఉందంటే నా కడ్డీ వేడికి మాడిపోయిందన్నమాట. తీగలు లేవంటే ఊడిపోయాయన్నమాట. ఇప్పటికి జరిగింది చాలు. కళాయికి వాడే నవసాగరం దీని దగ్గరికి రానివ్వకు. గిన్నెకు అది మంచిదే గానీ, బోర్డు మీది సన్నని రాగి గీతలను తినేస్తుంది. దీనికి వేరే పేస్టు ఉంటుంది. ఆ కాళ్ళు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే కరెంటు దారి తప్పుతుంది. నీళ్ళు కూడా తగలనివ్వకు. ఏమీ చేయకుండా మళ్ళీ తువ్వాలులో చుట్టిపెట్టు, అంతే.

చదువుతున్నాను.

కీర్తి

తా.క.: నీ తా.క. దగ్గర వార్డెన్ సార్‌కు దగ్గు వచ్చింది. నవ్వితే ఆయన అట్లనే దగ్గుతాడట.

సైదాబాద్, మంగళవారం

శుక్రవారం రాసి సోమవారం అందే ఉత్తరాల కీర్తిప్రియకు నానమ్మ ఆశీస్సులు.

శనివారం జరిగిపోయింది. పెరట్లో గుండయ్య బొగ్గుల కొలిమి పెట్టి, తోలు తిత్తి ఊది, బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, గిది గిన్నె గాదు, గంగాళం గాదు. గీనికి కళాయి ఏంది? దీంట్ల ఏం వండుతరు?"

"ఆటలు వండుతరు. నువ్వు పెట్టు."

"మీరు పెద్దోళ్ళు, చెప్తున్నరు. పెడుత. రేపు కారితే నన్ననొద్దు."

నవసాగరం చల్లాడు. తెల్లటి పొగ లేచి పుష్పమ్మ గోడ దాటి పోయింది, ఆవిడ మనింట్లో హోమం అనుకుంది. తగరం కరిగించి పత్తితో ఒక్క తిప్పు తిప్పాడు. వెండి పళ్ళెంలా తళతళలాడింది. విడివిడిగా ఉన్న కాళ్ళన్నీ ఒక్కటయ్యాయి. ఇంటివాళ్ళన్నాక కలిసి ఉంటే మంచిదేగా అని మురిసిపోయాను. ఈ బోర్డు ఊళ్ళో ఎవరి గడపలో వారుంటేనే దీపం వెలుగుతుందని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

ఆదివారం చూస్తే అంచుల్లో పచ్చటి చిలుము. ఇత్తడి సామాను అమ్మే ఇంటికి కోడలుగా వచ్చిన నాకు చిలుముకేం చేయాలో ఒకరు చెప్పాలా? చింతపండు, ఉప్పు వేసి కొబ్బరి పీచుతో రుద్ది, కుళాయి కింద కడిగాను. నీళ్ళు తగలనివ్వకన్న నీ వాక్యం చదివేసరికి బోర్డు మిద్దె మీద ఎండు మిరపకాయల పక్కన ఆరుతోంది. నల్లటి గింజలు రెండు ఊడివచ్చాయి. కుంకుమ భరిణెలో భద్రంగా దాచాను.

నేనే తొందరపడ్డానేమో బిడ్డా. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేకపోయాను.

నానమ్మ

తా.క.: మీ బాపు ఈ మధ్య సాయంత్రాలు ఫోన్ చూసుకుంటూ తనలో తాను నవ్వుతున్నాడు. ఇత్తడి రేటు పెరిగిందేమో. నిన్న అన్నం తింటూ "అమ్మా, గుండయ్య మంచిగున్నడా?" అని అడిగాడు. ఉన్నాడన్నాను. అది అబద్ధం కాదు.

హాస్టల్, గురువారం

నానమ్మకు నమస్కారాలు.

నువ్వు దాచినవి గింజలు కావు, కెపాసిటర్లు. వాటికి కుంకుమ అంటనివ్వకు. అంటినా ఇక పోయేదేం లేదులే.

నీ మీద కోపం లేదు. బిందెకు వేసే టంకం వేరు, బోర్డుకు వేసేది వేరు అని ముందే రాయాల్సింది. కడ్డీ ఎక్కువసేపు ఆనించింది కూడా నేనే. ఈ ఆదివారం బాపు నన్ను చూడడానికి వస్తాడు. నేనే చెప్పేస్తాను. అంతా నేనే చేశానని చెప్తాను. కళాయి, చింతపండు కూడా నా లెక్కలోనే వేసుకుంటాను. నిన్నొక మాట అంటే నేను వినలేను. గల్లా మీద కూర్చోమంటే కూర్చుంటాను.

ఒక్కటే బాధ. ఆ మొదటి మూడు అతుకులు మస్తు వచ్చాయి నానమ్మా. చిన్న చిన్న గుట్టల్లా, నున్నగా, మెరుస్తూ. నువ్వొక్కసారి చూడాల్సింది.

కీర్తి

తా.క.: వార్డెన్ సార్ ఇది చదివి ముద్ర వేయడం మరిచిపోయాడు. నేనే గుర్తు చేశాను.

సైదాబాద్, శుక్రవారం

ఇంకొకరి చింతపండు నేరం కూడా నెత్తిన వేసుకునే వెర్రిబాగుల పిల్లకు నానమ్మ ముద్దులు.

ఆదివారం నోరు విప్పి ఏమీ ఒప్పుకోకు. నీ ఉత్తరం నాకింకా చేరనేలేదు, అయినా అందులో ఏముందో నాకు తెలుసు. ఎలాగంటావా? నిన్న సాయంత్రం మీ బాపు దుకాణం తొందరగా కట్టేసి వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు.

"అమ్మా, గిది చదువు."

అందులో నీ దస్తూరి. ఇంకా జరిపితే నా దస్తూరి. మీ హాస్టల్‌లో ప్రతి ఉత్తరానికీ ఫోటో తీసి తండ్రికి పంపుతారట. వార్డెన్ గారికి పోస్టు దగ్గరే బద్ధకం, ఫోటో మాత్రం అదే రోజు. అంటే మనిద్దరం గుట్టుగా రాసుకున్నదంతా వాడు రోజూ చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ చదివాడు.

"ముక్కు సంగతి కూడానా?" అని అడిగాను.

"ముక్కేంది?" అన్నాడు. చూస్తే, ఫోటోల్లో కాగితం అడుగు తెగిపోయింది. తా.క.లు ఒక్కటీ రాలేదు. నేను మాట మార్చేశాను.

నీ మొదటి ఉత్తరం చూసిన మరునాడే వాడు ఆ డబ్బాలోంచి నీ బోర్డు తీసుకుని, దుకాణంలో మూలపడ్డ పాత రేడియో బోర్డు చుట్టిపెట్టాడట.

"అయితే నేను కళాయి పెట్టించింది?"

"రేడియోకు."

"ముందే చెప్పొద్దారా?"

"ఎంత దాక పోతవో సూద్దామనుకున్న. చింతపండు దాక పోతవనుకోలే."

నీ బోర్డును ప్రేమ్‌రాజ్‌కు చూపించాడు. ఎంత పాడు చేశావో ఆయన నోట పలికించి, నిన్ను గల్లా మీద కూర్చోబెట్టాలనే పోయాడు, ఆ మాట దాచలేదు. ప్రేమ్‌రాజ్ అద్దం కింద పెట్టి, "ఒక్క బొట్టు లేచింది, గంతే. కొత్తోళ్ళందరు జేసే తప్పే. సన్న తీగ ఏస్తే అయిపాయె. గని రంగన్నా, ఈ మూడు అతుకులు ఎవరేసిన్రు? నా దగ్గర పనికొస్తడా?" అన్నాడట.

గిన్నె కొనేముందు మీ బాపు అతుకు మీద గోరు గీస్తాడు చూడు, అట్లా నీ అతుకు మీద గీశాడట. గోరు ఎక్కడా ఆగలేదట.

"ఏసింది నా బిడ్డ. పనికి రాదు. ఎలక్ట్రానిక్స్ చదువుతది" అని చెప్పి వచ్చాడు.

నాకెందుకు చెప్పలేదంటే, తప్పు నీ నోటితో నువ్వే ఒప్పుకుంటావా లేదా అని చూశాడట. నిన్న ఒప్పుకున్నావు. ఆ ఉత్తరం చదివి వాడి నవ్వు ఆగిపోయింది, నా దగ్గరికి వచ్చాడు. ప్రేమ్‌రాజ్ ఆ సన్న తీగ వేసిచ్చాక బొమ్మ కొత్త టీవీలో రంగురంగులుగా వస్తోంది. రాత్రి అన్నానికి ముందు ఇద్దరం ఆడాం. నేను గెలిచాను.

నీ గుట్టలు చూశాను. మస్తున్నాయి.

రేడియోకు కళాయి పెట్టించిన,
నీ నానమ్మ

తా.క.: వార్డెన్ గారూ, ఫోటోలో కాగితం అడుగు ఎప్పటిలాగే తెగనివ్వండి. కీర్తీ, ఇది నీకు చెప్పొద్దన్నాడు మీ బాపు. నీ మూడు అతుకుల ఫోటో వాడి ఫోన్‌లో ఉంది. దుకాణంలో ఎవరైనా గిన్నె అతుకు గురించి పేచీ పెడితే అది తీసి, "అతుకంటే గిట్లుండాలె, నా బిడ్డ ఏసింది" అని చూపిస్తున్నాడు. వచ్చినవాళ్ళు చేతిలోని గిన్నె కింద పెట్టేసి, అట్లాంటి అతుకున్నదే చూపించమంటున్నారట.